ఫ్రీజర్ రూమ్ మైనస్ 9 దగ్గరే ఆగిపోతోంది, గ్యాస్ నింపించినా నిలవడం లేదు (రాయపురం, చెన్నై)

రాయపురం_రొయ్యలు:
సభ్యులందరికీ నమస్కారం. రాయపురంలో మాకు చేపలు, రొయ్యల హోల్‌సేల్ వ్యాపారం ఉంది. దుకాణం వెనుక పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గల ఫ్రీజర్ రూమ్ నడుపుతున్నాము. 100 మిల్లీమీటర్ల పఫ్ (వేడి దూరనివ్వని ఫోమ్) ప్యానెళ్ళు, ఆర్ 404ఏ గ్యాస్, మేడ మీద సెమీ హెర్మెటిక్ పిస్టన్ కంప్రెసర్, గదిని చల్లబరిచే లోపలి కాయిల్‌కు మూడు ఫ్యాన్లు, కరెంటు హీటర్లతో డిఫ్రాస్ట్ (కాయిల్ మీది మంచు కరిగించడం). నిరుటి వరకు మైనస్ 18కీ మైనస్ 20కీ మధ్య నిలకడగా ఉండేది. కత్తిరి ఎండలు (మే నెల మండుటెండలు) మొదలైనప్పటి నుంచి పగలంతా మైనస్ 9 దాటి కిందికి దిగడం లేదు, తెల్లవారుజామున మాత్రం మైనస్ 11 చూపిస్తోంది. కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంది.

మెకానిక్ వచ్చి సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాస్ ఒత్తిడి) తక్కువగా ఉందని గ్యాస్ నింపి వెళ్ళారు. ఆ రాత్రికి గది మైనస్ 17 వరకు దిగింది కానీ, తరువాత మెల్లగా మళ్ళీ పైకి వచ్చేసింది. ఇంకోసారి నింపించినా ఇదే వరస. ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 లేదా అంతకన్నా కిందే ఉండాలన్నది ఆహార భద్రత నిబంధన కాబట్టి హోటళ్ళవారు డెలివరీ సమయంలో థర్మామీటర్ గుచ్చి చూస్తున్నారు. లోపం ఎక్కడుందో తేల్చుకోకుండా మూడోసారి గ్యాస్‌కు డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు.

వడపళని_ఏసీ:
అండీ, నింపిన గ్యాస్ నిలవడం లేదంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. సముద్రానికి దగ్గరగా ఉన్న మీ ప్రాంతంలో ఉప్పుగాలికి, మేడ మీద వేడిని బయటికి వదిలే కండెన్సర్ కాయిల్ తినేసి ఉంటుంది. నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్ చేయించి, సబ్బు నురుగుతో ప్రతి జాయింటూ చూపించండి. లీక్ దొరికాక దానిని బ్రేజింగ్ చేయించి, వ్యాక్యూమ్ లాగించి, తూకం ప్రకారం గ్యాస్ నింపిస్తే సరిపోతుంది.

పెరంబూరు_చల్లగది:
లీక్ కావచ్చు, కాకపోనూవచ్చు. ఇంతవరకు మీరు చెప్పిన దానిలో దానికి రుజువు లేదు. సక్షన్ ప్రెషర్ ఒక్కటే చూసి గ్యాస్ తక్కువని తేల్చడం ఫ్రీజర్ పనిలో చెల్లదు. ముందు ఈ సంగతులు చెప్పండి. సక్షన్, డిశ్చార్జి (కంప్రెసర్ నుంచి బయటికి వెళ్ళే వైపు) ప్రెషర్లు రెండూ ఎంతెంత ఉన్నాయి? కాయిల్ నుంచి బయటికి వచ్చే సక్షన్ పైపు మీద, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కాయిల్‌లోకి లిక్విడ్‌ను కొలిచి వదిలేది) బల్బు పక్కన, ప్రోబ్ కట్టి పైన ఇన్సులేషన్ చుట్టి చూస్తే ఎంత ఉష్ణోగ్రత వస్తోంది? లిక్విడ్ లైన్ (కండెన్సర్ నుంచి కాయిల్‌కు వెళ్ళే పైపు) ఉష్ణోగ్రత ఎంత? సైట్ గ్లాస్‌లో (ఆ పైపుకున్న అద్దపు కిటికీలో) బుడగలు కనిపిస్తున్నాయా? కాయిల్‌ను వెనుక నుంచి, అంటే గోడ వైపు నుంచి, టార్చి వేసి ఎవరైనా చూశారా?

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమైనది ఇంకొకటి. గ్యాస్ నింపిన రోజున మెషీన్‌ను ఎంతసేపు ఆపి ఉంచారు, ఆ సమయంలో గది తలుపు తెరిచి ఉందా?

మాధవరం_ఐస్‌క్రీం:
నాదీ ఇలాంటి గదే, ఐస్‌క్రీం నిల్వకు వాడతాను. మెకానిక్‌ను పిలవడానికి ముందు మీరే చూడగలిగినవి రెండు ఉన్నాయి. ఒకటి, మేడ మీది కండెన్సర్‌కు ఎదురుగా ఎవరైనా కొత్తగా ఏసీ ఔట్‌డోర్ యూనిట్ బిగించారేమో చూడండి, ఆ వేడిగాలే తిరిగి మీ కండెన్సర్‌లోకి పోతుంటే హెడ్ (డిశ్చార్జి) ప్రెషర్ పెరిగిపోతుంది. రెండు, మీ వీధిలో ఈబీ (విద్యుత్ బోర్డు) వాళ్ళు ఈమధ్య కేబుల్ పని చేసి ఉంటే ఫేజ్ వరస తారుమారై ఉండవచ్చు. మూడు ఫేజుల ఫ్యాన్లయితే అప్పుడు ఎదురు దిశలో తిరుగుతాయి. స్క్రోల్ కంప్రెసర్ అయితే పెద్ద శబ్దం చేసి వెంటనే బయటపెడుతుంది, పిస్టన్ కంప్రెసర్ మాత్రం ఏ దిశలో తిరిగినా పంపు చేస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. రెక్కలు తిరుగుతూనే కనిపిస్తాయి, గాలి మాత్రం గది చివరి దాకా రాదు.

రాయపురం_రొయ్యలు:
అందరికీ ధన్యవాదాలు. తెలిసిన ఇంకో మెకానిక్‌ను పిలిపించి అన్నీ కొలిపించాను. గది మైనస్ 9లో, బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి లెక్కలివి. సక్షన్ 6 పీఎస్ఐ, డిశ్చార్జి 300 పీఎస్ఐ. బల్బు దగ్గర పైపు మైనస్ 37. లిక్విడ్ లైన్ 36. సైట్ గ్లాస్ నిండుగా ఉంది, బుడగలు లేవు. సక్షన్ పైపు మీద మంచు కంప్రెసర్ బాడీ వరకు పాకి ఉంది. ఫ్యాన్లు సరైన దిశలోనే తిరుగుతున్నాయి, కండెన్సర్ ఎదుట అడ్డేమీ లేదు.

కాయిల్ ముందు వైపు చూస్తే పల్చని మంచే కనిపిస్తుంది. వెనుక వైపుకు టార్చి, ఫోను పెట్టి ఫోటో తీస్తే, కింది సగం రెక్కల మధ్య గట్టి ఐసు గోడలా పేరుకుని ఉంది. గ్యాస్ నింపిన రోజున మెషీన్ ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఆపే ఉంచారు. సరుకు అంతా ఐసు పెట్టెలలో సర్ది పక్క గోదాముకు పంపాము, తలుపు తెరిచే ఉంది.

పెరంబూరు_చల్లగది:
ఇంత వివరంగా కొలిపించి చెప్పేవారు తక్కువ. మీ ప్రశ్నకు జవాబు ఈ అంకెలలోనే ఉంది.

ఆర్ 404ఏ 6 పీఎస్ఐ దగ్గర మరిగే ఉష్ణోగ్రత సుమారు మైనస్ 39. గది మైనస్ 9లో ఉంటే కాయిల్ మైనస్ 39లో ఉంది, అంటే తేడా ముప్ఫై డిగ్రీలు. ఫ్రీజర్ గదులలో ఈ తేడా ఆరు నుంచి ఎనిమిది డిగ్రీలు, మహా అయితే పది ఉండేలా డిజైన్ చేస్తారు. కాయిల్ అంత చల్లగా ఉన్నా గది వేడి దానిలోకి చేరడం లేదు. ఇటువంటి పరిస్థితి రెండు విధాలుగా రావచ్చు. కాయిల్‌లోకి తగినంత లిక్విడ్ రాకపోవడం ఒకటి: గ్యాస్ తక్కువ కావడం, డ్రయర్ (తేమను, మురికిని పట్టే ఫిల్టర్) మూసుకుపోవడం, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ చెడిపోవడం దీని కిందికి వస్తాయి. లిక్విడ్ వస్తున్నా దానిని మరిగించేందుకు కావలసిన గాలి కాయిల్ గుండా పోకపోవడం రెండోది. సక్షన్ ప్రెషర్ రెండు సందర్భాలలోనూ పడిపోతుంది కాబట్టి, వాటిని వేరు చేసి చూపేది సూపర్‌హీట్ (కాయిల్ నుంచి వచ్చే పైపుకూ, లోపల మరిగే గ్యాస్‌కూ ఉష్ణోగ్రతలో తేడా) మాత్రమే.

మీ పైపు మైనస్ 37, గ్యాస్ మైనస్ 39, కనుక సూపర్‌హీట్ రెండే డిగ్రీలు. ప్రెషర్ కంప్రెసర్ దగ్గర చూసి ఉంటారు, పైపులో కొంత ప్రెషర్ తగ్గుతుంది కనుక అసలు విలువ ఇంకా తక్కువే అవుతుంది. గ్యాస్ నిజంగా తక్కువైతే లిక్విడ్ కాయిల్ మధ్యలోనే అయిపోయి, ఈ తేడా పదిహేను, ఇరవై డిగ్రీలు కనిపించి ఉండేది. ఇక 300 పీఎస్ఐకి ఘనీభవన ఉష్ణోగ్రత సుమారు 47, లిక్విడ్ లైన్ 36, అంటే సబ్‌కూలింగ్ పదకొండు డిగ్రీలు. రిసీవర్ (లిక్విడ్ నిల్వ ట్యాంకు) ఉన్న సిస్టంలో అంత సబ్‌కూలింగ్ వచ్చిందంటే రిసీవర్ నిండి, లిక్విడ్ కండెన్సర్‌లోకి కూడా ఎక్కి నిలిచిందని అనుకోవాలి. మీ మెషీన్‌లో గ్యాస్ ఎక్కువైంది. బయటి గాలి కన్నా కండెన్సింగ్ పన్నెండు డిగ్రీలే ఎక్కువ కనుక కండెన్సర్ మీద ఫిర్యాదు లేదు.

గ్యాస్ నింపిన రాత్రి గది చల్లబడటానికి కారణం గ్యాస్ కాదు. సగం రోజు మెషీన్ ఆగి, చెన్నై గాలి తలుపు గుండా లోపలికి వచ్చి, కాయిల్ మీది ఐసు కరిగిపోయింది. మళ్ళీ పేరుకునేదాకా గది బాగా నడిచింది. ఆ పేరు గ్యాస్‌కు దక్కింది.

వడపళని_ఏసీ:
మీ లెక్క తప్పని అనను, కానీ ఒక సందేహం. ఏసీలో కాయిల్ ఐసు కట్టిందంటే చాలాసార్లు గ్యాస్ తక్కువవల్లనే కదా? ఇక్కడ ఐసు ముందు వచ్చిందా, గ్యాస్ తగ్గడం ముందు జరిగిందా అన్నది ఎలా తేలుస్తారు?

పెరంబూరు_చల్లగది:
మంచి ప్రశ్న. ఏసీ కాయిల్ మామూలుగా సున్నాకు పైనే పనిచేస్తుంది, కాబట్టి దాని మీద ఐసు కనిపించడమే జబ్బుకు గుర్తు. ఫ్రీజర్ కాయిల్ ఎప్పుడూ సున్నాకు చాలా కింద ఉంటుంది, మంచు పట్టడం దాని దినచర్య. ఇక్కడ అడగవలసింది మంచు ఎందుకు పట్టిందని కాదు, పట్టిన మంచు డిఫ్రాస్ట్‌లో ఎందుకు పోలేదని. ఇంకో ఆనవాలు కూడా ఉంది. గ్యాస్ తక్కువైనప్పుడు మంచు వాల్వ్ దగ్గరి కొద్ది పైపులకే పరిమితమై, మిగతా కాయిల్ పొడిగా ఉంటుంది. వీరికి కింది సగం వెడల్పు పొడుగునా ఐసు గడ్డ కట్టింది. అంటే కింది భాగానికి డిఫ్రాస్ట్ వేడి అందడం లేదు.

రాయపురం వారికి ఒక మనవి: సక్షన్ మంచు కంప్రెసర్ బాడీ వరకు వచ్చిందంటే లిక్విడ్ తిరిగి కంప్రెసర్‌కు చేరుతోంది. ఆయిల్ పలచబడి బేరింగులు పోతాయి. ఈ పని వాయిదా వేయకండి. ఐసును స్క్రూ డ్రైవర్‌తోనో కత్తితోనో పొడిచి తీయవద్దని మీ పనివాళ్ళకు గట్టిగా చెప్పండి. రాగి గొట్టానికి చిల్లు పడితే అప్పుడు వడపళని వారి లీక్ నిజంగానే వస్తుంది. మెషీన్ ఆపి, ఫ్యాన్లు ఆపి, మామూలు నీళ్ళు పోసి కరిగించవచ్చు.

అంబత్తూరు_ప్యానెల్‌బోర్డు:
డిఫ్రాస్ట్ మాట వచ్చింది కాబట్టి నా వంతు. డిఫ్రాస్ట్‌ను చేత్తో ఆన్ చేసి, హీటర్ కాంటాక్టర్ (హీటర్లకు కరెంటు కలిపే స్విచ్) దగ్గర మూడు ఫేజుల మీద విడివిడిగా టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే మీటరు) పెట్టి కరెంటు చదవండి. కాంటాక్టర్ టక్కుమని పడినంత మాత్రాన హీటర్లు వేడెక్కుతున్నాయని అర్థం కాదు. హీటర్ రేటింగ్ ఎంతో, స్టార్ కనెక్షన్‌లో (మూడు హీటర్ల ఒక్కో కొసనూ ఒకేచోట కలిపేది) న్యూట్రల్ కలిపారో లేదో కూడా చూసి చెప్పండి.

రాయపురం_రొయ్యలు:
హీటర్లు మూడు, ఒక్కొక్కటి 1.5 కిలోవాట్లు. స్టార్ కనెక్షన్, న్యూట్రల్ వైరు లేదు. టాంగ్ టెస్టర్‌లో ఒక ఫేజు సున్నా, మిగతా రెండూ 5.7 ఆంపియర్లు. కంట్రోలర్‌లో డిఫ్రాస్ట్ రోజుకు మూడుసార్లు, గరిష్ఠంగా ఇరవై నిమిషాలు అని ఉంది. సున్నా చూపించినది కాయిల్ అడుగున, నీటి ట్రేకు ఆనుకుని ఉన్న హీటర్.

అంబత్తూరు_ప్యానెల్‌బోర్డు:
దొరికింది. మూడింటిలో ఒకటి పోయింది కాబట్టి ఇంకా మూడింట రెండు వంతుల వేడి వస్తోందని చాలామంది అనుకుంటారు. మీ వైరింగ్‌లో అలా జరగదు. న్యూట్రల్ లేని స్టార్‌లో ఒక హీటర్ తెగితే, మిగిలిన రెండూ ఒకదాని వెనుక ఒకటిగా 400 వోల్టుల మీద పడతాయి. ఒక్కొక్కదానికి 230 బదులు 200 వోల్టులే అందుతాయి. అందుకే 6.5 ఆంపియర్లు రావలసిన చోట 5.7 వచ్చింది. వోల్టేజి వర్గానికి (స్క్వేర్‌కు) తగినట్టు వేడి తగ్గుతుంది కనుక ఒక్కో హీటర్ 1.5 బదులు దాదాపు 1.13 కిలోవాట్లే ఇస్తుంది. మొత్తం 4.5 కిలోవాట్లకు మీకు అందుతున్నది 2.27, అంటే సరిగ్గా సగం. ఆ సగంలో కూడా కింది భాగానికి ఏమీ లేదు. పైన కరిగిన నీరు కిందికి జారి అక్కడే గడ్డ కడుతోంది.

మార్చేటప్పుడు మూడు హీటర్ల రెసిస్టెన్స్ కొలవండి, ఒక్కొక్కటి 35 ఓమ్‌ల దగ్గర ఉండాలి. మెగ్గర్‌తో ఇన్సులేషన్ కూడా చూడండి. హీటర్ చివరి రబ్బరు మూత పగిలి నీరు దిగడమే ఇవి పోవడానికి సాధారణ కారణం.

కావలి_కోల్డ్‌చైన్:
హీటర్ సంగతి తేలింది, సంతోషం. అయితే హీటరు ఎప్పుడో పోయి, దాని ఫలితం ఇప్పుడు బయటపడి ఉండవచ్చునని నా అనుమానం. దానికి కారణం ఎండ కాదు, గాలిలోని తేమ. చెన్నైలో ఈ రోజుల్లో 32 డిగ్రీల వద్ద 75 శాతం తేమ ఉంటే, ఒక ఘనపు మీటరు గాలిలో పాతిక గ్రాముల దాకా నీటి ఆవిరి ఉంటుంది. మైనస్ 18 దగ్గర గాలి నిలుపుకోగలిగినది ఒక గ్రాము. మిగిలినదంతా కాయిల్ మీదికే చేరుతుంది. మీ గది 22 ఘనపు మీటర్లకు కొంచెం పైన, కాబట్టి గదిలోని గాలి ఒకసారి పూర్తిగా మారితే అర కిలోకు పైగా మంచు కాయిల్ మీద చేరినట్టే. కాశిమేడు చేపల రేవు నుంచి సరుకు దిగే వేళ తలుపు బార్లా తెరిచి ఉంచితే ఎన్నిసార్లు మారుతుందో మీరే ఊహించండి. స్ట్రిప్ కర్టెన్ (తలుపుకు వేలాడే ప్లాస్టిక్ పట్టీలు) ఉందా? తలుపు గాస్కెట్ (అంచు రబ్బరు) మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడండి, సులువుగా జారి వస్తే అక్కడ గాలి దూరుతోంది.

ఇంకో మాట సూటిగా అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఆ గదిలో మీరు గడ్డకట్టిన సరుకునే పెడుతున్నారా, పచ్చి సరుకు పెట్టి గడ్డ కట్టిస్తున్నారా?

రాయపురం_రొయ్యలు:
సీజన్లో నెల్లూరు వైపు నుంచి వనామి రొయ్యలు థర్మోకోల్ పెట్టెలలో ఐసుతో వస్తాయి. అమ్ముడుపోనివి, కొన్ని రోజులలో 500 కిలోల దాకా, అదే గదిలో పెడతాము. గాస్కెట్ కింది మూలలో కాగితం జారిపోతోంది. ట్రాలీకి అడ్డం వస్తున్నాయని స్ట్రిప్పులు సగం కట్ చేసి ఉన్నాయి. మెషీన్ ప్లేటు మీద 3.5 కిలోవాట్లని ఉంది.

కావలి_కోల్డ్‌చైన్:
అయితే లెక్క చూద్దాం. ఐదు డిగ్రీల దగ్గరున్న 500 కిలోల రొయ్యలను మైనస్ 18కి తేవాలంటే, వాటిలోని నీరు గడ్డకట్టే వేడితో కలిపి సుమారు 1,60,000 కిలోజౌళ్ళు, అంటే 45 కిలోవాట్ అవర్లు తీయాలి. దీనిలో ఎనభై పాళ్ళు ఒక్క గడ్డకట్టడానికే పోతుంది. డిఫ్రాస్టులూ విరామాలూ పోను కంప్రెసర్ రోజుకు పద్దెనిమిది గంటలు నడుస్తుందని తీసుకుంటే మీ మెషీన్ సామర్థ్యం 63 కిలోవాట్ అవర్లు. గోడలు, పైకప్పు, నేల గుండా వచ్చే వేడి రోజుకు దాదాపు 13. ఫ్యాన్ల వేడి, డిఫ్రాస్ట్ వేడి, తలుపు గాలి, లోపల పనిచేసే మనుషులు కలిస్తే హద్దు దాటుతుంది. అంటే అన్నీ బాగున్న రోజున కూడా ఇంత పచ్చి సరుకు పడితే గది పైకి వస్తుంది. ఇది నిల్వ గది, బ్లాస్ట్ ఫ్రీజర్ కాదు. బ్లాస్ట్ ఫ్రీజర్‌లో మైనస్ 35, 40 దగ్గరి గాలిని వేగంగా కొట్టి కొద్ది గంటలలోనే గడ్డ కట్టిస్తారు. నిల్వ గదిలో నెమ్మదిగా గడ్డకట్టిన రొయ్యలో ఐసు స్ఫటికాలు పెద్దవై కండను చీల్చుతాయి. కరిగించినప్పుడు నీరు కారి తూకం పోతుంది. తూకం తగ్గిందన్న ఫిర్యాదు మీకు ఇప్పటికే వచ్చి ఉండాలి.

మాధవరం_ఐస్‌క్రీం:
తూకం మాట నిజం. పచ్చి సరుకును బయట బ్లాస్ట్ ఫ్రీజింగ్ చేయించుకుని తెచ్చేవారు మాధవరం వైపు ఉన్నారు. కిలోకు ఇంతని తీసుకుంటారు.

రాయపురం_రొయ్యలు:
పని పూర్తయింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. గది ఖాళీ చేసి, నీళ్ళతో కాయిల్‌ను పూర్తిగా కరిగించి, మూడు హీటర్లనూ కొత్తవి వేయించాము. ఇప్పుడు మూడు ఫేజులూ 6.5 దగ్గర చూపిస్తున్నాయి. డిఫ్రాస్ట్ సెన్సర్ పై హీటర్ పక్కన ఉండటంవల్ల అక్కడ వేడెక్కగానే డిఫ్రాస్ట్ ముగిసిపోయే ప్రమాదం ఉందని మెకానిక్ దానిని కిందికి, మంచు చివరగా కరిగే చోటికి మార్చారు. రోజుకు నాలుగుసార్లు, గరిష్ఠంగా ముప్ఫై నిమిషాలు, పది డిగ్రీలకు ముగింపు, తరువాత నీరు కారడానికి కొంత వ్యవధి, ఫ్యాన్లు ఇంకో రెండు నిమిషాలకు ఆన్ అయ్యేలా పెట్టించాము. అదనపు గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా రికవరీ సిలిండర్‌లోకి తీసుకున్నారు. గాస్కెట్ కొత్తది, స్ట్రిప్పులు పూర్తి పొడవువి.

గది ఇప్పుడు మైనస్ 19. సక్షన్ 20 పీఎస్ఐ, సూపర్‌హీట్ ఐదు, సబ్‌కూలింగ్ ఐదు. కంప్రెసర్ మధ్యమధ్య ఆగుతోంది. పచ్చి రొయ్యల విషయంలో బయట ఫ్రీజింగ్ ఖర్చు లెక్క వేస్తున్నాము. ఒక్కటి మిగిలింది: డిఫ్రాస్ట్ తరువాత ట్రేలో నీరు కొంచెం నిలిచి, డ్రెయిన్ పైపు మొదట్లో ఐసు కడుతోంది.

వడపళని_ఏసీ:
సక్షన్ 20 అంటే సుమారు మైనస్ 26 కదా, గదికీ కాయిల్‌కూ తేడా ఏడే. సూపర్‌హీట్ చూడకుండా ఇకమీదట ఫ్రీజర్‌కు గ్యాస్ పట్టించమని ఎవరికీ చెప్పను.

పెరంబూరు_చల్లగది:
డ్రెయిన్ పైపు లోపల హీటర్ తీగ ఉందో లేదో చూడండి, ఉంటే దానికి కరెంటు నిరంతరం వస్తోందా అని కూడా; కొందరు దానిని డిఫ్రాస్ట్ కాంటాక్టర్‌కే కలుపుతారు, అప్పుడు హీటర్లు ఆగగానే అదీ చల్లబడి, ఆఖరున కారిన నీరు పైపులోనే గడ్డకడుతుంది. పైపుకు గోడ వరకు వాలు సరిపడా ఉండాలి. యూ ఆకారపు వంపు గదిలో కాకుండా గోడ బయట వెచ్చని చోట ఉండాలి, ఆ వంపులో నీరు లేకపోతే ఫ్యాన్ల పీల్పుకు బయటి తేమగాలి ఆ పైపు గుండానే లోపలికి వస్తుంది. ఒకసారి పూర్తి డిఫ్రాస్ట్ తరువాత బయట బకెట్ పెట్టి, ఎంత నీరు పడిందో రాసి పెట్టుకోండి. తలుపు వాడకం మారకుండానే ఆ నీరు తగ్గుతూ పోతే, మళ్ళీ ఏదో హీటర్ పోయిందేమోనని గది వేడెక్కకముందే టాంగ్ టెస్టర్ పెట్టి చూడవచ్చు.